“మెషీన్ ఇచ్చిందండీ” అంటే చాలునా?

కంప్యూటరు మీద వ్యాసమనగానే పేజీ తిప్పెయ్యకండి. నేను వ్రాయబోయేది మెషీన్ గొప్పతనాన్ని గురించి కాదు. ఆరు రూపాయలను గురించి.

క్రిందటి వేసవి సెలవుల్లో పిఠాపురంలో ఇంటింటికీ ఇంటర్నెట్ కనెక్షన్లిచ్చే ఒక చిన్న ఆఫీసులో బిల్లులు తీసే పనికి కుదిరాను. నెల చందా 300 రూపాయలు. దానిమీద 18 శాతం జి.ఎస్.టి. 54, వెరసి 354. ఒకటో తారీఖున మీట నొక్కితే చందాదార్లందరి బిల్లులూ వరసగా వచ్చేస్తాయి. ఆ ప్రోగ్రాం వ్రాసిన కుర్రాడు అప్పటికే హైదరాబాదు వెళ్లిపోయాడు. ప్రోగ్రాం మిగిలింది. అది ఎలా నడుస్తుందో చెప్పే కాగితం ఒక్కటీ మిగల్లేదు.

జూన్‌లో ఒకరోజు, రిటైరైన మాస్టారొకరు బిల్లు పట్టుకొని వచ్చారు.

“బాబూ, మే 16న కనెక్షనిచ్చారు. 31 రోజుల్లో పదహారు రోజులు. నా లెక్కకి 183 రావాలి. మీరు 189 వేశారేం?”

“మెషీన్ అలా ఇచ్చిందండీ,” అన్నాను.

“మెషీన్‌కి ఎవరు చెప్పారు?”

నా దగ్గర జవాబు లేదు. “ఆరు రూపాయల కోసం ఇంత ఎండలో వచ్చారా మాస్టారూ!” అని ప్రక్కనున్నవాళ్లు నవ్వారు. ఆయన నవ్వలేదు. “ఆరు రూపాయలు వదులుకుంటాను. లెక్క ఎలా వదులుకోను?” అని వెళ్లిపోయారు.

రెండు రాత్రులు కూర్చొని ప్రోగ్రాం చదివాను. ఏ నెలనైనా ముప్ఫై రోజులుగానే లెక్కవేయమని అందులో ఒక్క వరుస ఉంది. 300ని 30తో భాగిస్తే రోజుకు 10, పదహారు రోజులకు 160, పన్నుతో 188.80; పైసలు సర్దితే 189. అదే 31తో భాగిస్తే 154.84, పన్నుతో 182.71, సర్దితే 183. ముప్ఫై రోజుల పద్ధతి మోసమేమీ కాదు. ఫిబ్రవరిలో అదే పద్ధతి చందాదారుకు లాభం. తప్పెక్కడంటే, ఆ పద్ధతి పెట్టుకున్నామని ఎక్కడా వ్రాసి లేకపోవడం. యజమానికి తెలియదు, నాకు తెలియదు, డబ్బు కట్టేవారికి అసలే తెలియదు.

ఇంకొక సంగతి. తప్పు పడిన బిల్లును చెరిపేసి కొత్తది తీయడం అక్కడ అలవాటు. 2017 జూలై 1న వచ్చిన జి.ఎస్.టి. నిబంధనల ప్రకారం ఇన్‌వాయిస్ నంబర్లు వరుసగా ఉండాలి, 16 అక్షరాలకు మించరాదు, ఒక ఆర్థిక సంవత్సరంలో అదే నంబరు మళ్లీ రాకూడదు. ఎక్కువ పడితే క్రెడిట్ నోటు ఇచ్చి సరిదిద్దాలి గాని, చెరిపేస్తే వరుసలో ఖాళీ పడుతుంది. ఈ నాలుగు ముక్కలు గోడమీద అంటించి ఉంటే ఎవరూ చెరిపేవారు కాదు.

“వ్రాయడానికి తీరికేదీ? ప్రోగ్రామే అంతా చెబుతుందిగా!” అంటారు కొందరు మిత్రులు. ప్రోగ్రాం తాను ఏం చేస్తుందో చెబుతుంది. ఎందుకు చేస్తుందో చెప్పదు. పైగా మాస్టారు ప్రోగ్రాం చదవగలరా? యూనిక్స్ తయారుచేసినవారు 1971 నవంబరులోనే దానికి మాన్యువల్ వెలువరించారు. అందులో ఆజ్ఞల వివరణతోబాటు, “లోపాలు” అనే శీర్షిక పెట్టారు. ఎవరిని అడగాలో ఆ పేరూ వేశారు. తమ వస్తువులోని తప్పును తామే వ్రాసుకున్నారన్నమాట! అంతటివారికి లేని నామోషీ మనకెందుకు?

మన రాష్ట్రంలో కరణాల పదవులు 1984లో రద్దయ్యాయి. లెక్క ఒక్కరి కట్టలోనే ఉంటే రైతుకు అడిగే వీలుండేది కాదని పెద్దలు చెబుతారు. వివరణ లేని ప్రోగ్రాం కూడా అలాంటి కట్టే. కరణంగారైతే అరుగుమీద దొరికేవారు. హైదరాబాదు వెళ్లిన కుర్రాడు దొరకడు!

సెలవులు అయ్యేలోగా నాలుగు పేజీల వివరణ తెలుగులో వ్రాశాను. నెల మధ్యలో చేరితే లెక్కేమిటి, పైసలు ఎలా సర్దుతారు, తప్పు పడితే ఏం చేయాలి, ఈ ప్రోగ్రాం చేయలేనివేమిటి – అన్నీ. మాస్టారి బిల్లునే ఉదాహరణగా అంకెలతో వేశాను. అది చదివాకనే యజమానికి, ముప్ఫై మానేసి నెలలో అసలు రోజులే లెక్కవేద్దామనిపించింది. ఆరు రూపాయల క్రెడిట్ నోటూ, ఆ నాలుగు పేజీలూ పట్టుకొని మాస్టారింటికి వెళ్లాను. ఆయన కళ్లజోడు పెట్టుకొని సాంతం చదివి, రెండు అక్షరదోషాలు దిద్ది ఇచ్చారు. లెక్కలో మాత్రం ఒక్క తప్పూ పట్టలేదు.

విద్యార్థి మిత్రులారా! రేపు మనలో ఎందరో ఇలాంటి ప్రోగ్రాంలు వ్రాస్తారు, వాడతారు. బిల్లు అనేది ఎదుటివారి జేబులో చెయ్యిపెట్టే కాగితం. అడిగినవారికి అర్థమయ్యే భాషలో దాని లెక్క చూపించలేనప్పుడు, మన ప్రోగ్రాం ఎంత వేగంగా నడిచినా ఆ పని సగమే అయినట్టు. సూర్యరాయాంధ్ర నిఘంటువుకు పోషకులైన మహారాజావారి ఊరు మనది. మాటకు అర్థం వ్రాయించిన ఊళ్లో పుట్టి, బిల్లుకు అర్థం వ్రాయలేమా?