మైకు వద్దు, కేబుల్ చాలు
అడవి అంచున ఉన్న దమ్మపేటలో డిజిటల్ పియానోను ఇంట్లోనే రికార్డు చేయాలనుకునేవారు రికార్డర్ మైకును నమ్ముకోవద్దని నా గట్టి అభిప్రాయం. రేకుల మీద వాన మొదలైతే స్వరం వినపడదు. వాన లేని రాత్రి కీచురాళ్ల రొద, ఫ్యాను హోరు, వేళ్ల కింద మెట్ల టకటక అన్నీ పాటలోకి ఎక్కేస్తాయి. పియానో హెడ్‌ఫోన్ జాక్ నుంచి రికార్డర్ లైన్-ఇన్‌కు స్టీరియో కేబుల్ పెడితే ఆ బెడద ఉండదు. గది గాలి సోకని ధ్వనికి జీవం ఉండదంటారు కొందరు. తీగలున్న అసలు పియానో విషయంలో అది ముమ్మాటికీ నిజం. డిజిటల్ పియానోలో తీగలెక్కడివి? చాలావాటిలో ఉన్నది ముందే రికార్డు చేసిపెట్టిన నాదం. దాన్ని చిన్న స్పీకర్లలోంచి వదిలి మళ్లీ మైకుతో పట్టడమంటే జిరాక్సుకు జిరాక్సు తీయడమే. పక్కన పాడేవారుంటే మైకు తప్పదు, అది వేరే సంగతి. మొదలుపెట్టే ముందు ఒకసారి గట్టిగా వాయించి, మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా సరిచేసుకోండి.