మేక గుండె ఎవరు తేవాలి? మార్కులు ఎవరికి పడాలి?

పదో తరగతి జీవశాస్త్రంలో ‘ప్రసరణ’ పాఠం వచ్చినప్పుడు తరగతిలో ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. రేపు మేక గుండె ఎవరు తెస్తారు? 2014లో వచ్చిన తెలుగు మాధ్యమం పుస్తకంలో ఇది ప్రయోగశాల కృత్యం. మేక గుండెనో గొర్రె గుండెనో తెచ్చి, కడిగి, కోసి, నాలుగు గదులనూ కవాటాలనూ రక్తనాళాలనూ చూడాలి. ‘విసర్జన’ పాఠంలో మూత్రపిండంతో కూడా ఇలాంటి కృత్యమే ఉంది.

మేము చదువుకున్న బడిలో ఆ ప్రశ్నకు జవాబు అందరికీ ముందే తెలుసు. టీచర్ చూపు నేరుగా వెనక బెంచీల మీదకు వెళ్లేది. “మీవాళ్లకు అలవాటే కదరా” అనేవారు. అందులో తిట్టు లేదు, కోపమూ లేదు. దళితవాడ పిల్లవాడు మటన్ కొట్టుకు వెళ్లి గుండెకాయ తెచ్చేవాడు, కడిగేవాడు, బ్లేడుతో కోసేవాడు. మిగతావాళ్లు ముక్కు మూసుకుని దూరంగా నిలబడి చూసేవాళ్లు. గంట కొట్టాక అందరూ రికార్డు రాయాలి. చూసినవాళ్లు స్కెచ్ పెన్నులతో శుభ్రంగా బొమ్మ గీసి, భాగాల పేర్లు రాసి పూర్తి మార్కులు తెచ్చుకునేవాళ్లు. కోసినవాడి రికార్డు మరకలతో, అక్షరదోషాలతో ఉండేది. వాడికి సగం మార్కులు పడేవి.

ఇక్కడ ఎవరూ ఎవరినీ కులం పేరుతో దూషించలేదు. ఫిర్యాదు చేయడానికి ఒక్క మాట కూడా దొరకదు. అయినా పని ఒకరిది, ఫలితం ఇంకొకరిది అయింది. ఈ వ్యాసం ఆ సగం మార్కుల గురించే.

పెద్దతిప్పసముద్రం మదనపల్లె ప్రాంతంలో కర్ణాటక సరిహద్దును ఆనుకుని ఉన్న మండలం. వాన పడితే వేరుశనగ, బోరు ఉంటే టమాటా. పని దొరక్కపోతే బెంగళూరు బస్సు. ఇక్కడి దళిత కుటుంబాల్లో చాలామంది పిల్లలకు బడిలోని ల్యాబే మొదటి ల్యాబు, చివరి ల్యాబు కూడా. ఇంట్లో ట్యూషన్ ఉండదు, శరీరం పటాలు వేలాడే గది ఉండదు. కాబట్టి శరీర నిర్మాణ పాఠం ఎలా చెబుతున్నారు, దానికి మార్కులు ఎలా వేస్తున్నారు అనే ప్రశ్న వీళ్లకు చిన్నది కాదు. డాక్టరో, నర్సో, ల్యాబ్ టెక్నీషియనో కావాలనుకునే పిల్లకు దారి అక్కడే తెరుచుకుంటుంది, లేదా అక్కడే మూసుకుంటుంది.

ముందు నిబంధనల సంగతి చూద్దాం. నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చాక నిర్మాణాత్మక మూల్యాంకనంలో మార్కులను నాలుగు భాగాలు చేశారు. పిల్లల భాగస్వామ్యం, ప్రతిస్పందనలు ఒకటి. రాత పనులు రెండోది. ప్రాజెక్టు పనులు మూడోది. లఘు పరీక్ష, అంటే స్లిప్ టెస్ట్, నాలుగోది. కాగితం మీద ఇది మంచి ఆలోచన. మూడు గంటల పరీక్ష ఒక్కటే పిల్లవాడి తెలివికి కొలత కాకూడదని దీని ఉద్దేశం. అయితే ‘భాగస్వామ్యం’ అంటే ఏమిటి? గుండె తెచ్చి కోయడం భాగస్వామ్యమా, టీచర్ అడిగినప్పుడు చెయ్యెత్తడం భాగస్వామ్యమా? ప్రాజెక్టులో చూసేది పిల్లవాడి పరిశీలననా, చార్టు మీద అంటించిన రంగు బొమ్మలనా? చార్టుకు, ప్రింటవుట్లకు డబ్బు కావాలి. పరిశీలనకు అక్కర్లేదు. ఏది చూసి మార్కు వేస్తారో ముందే రాసి గోడకు అంటించిన తరగతిని మేము ఇప్పటిదాకా చూడలేదు.

పదో తరగతి తుది ఫలితంలో 20 మార్కులు ఇలా బడి నుంచే వచ్చేవి, 80 మార్కులు పరీక్ష నుంచి. ప్రైవేటు బడులు తమ పిల్లలకు ఆ 20కి 20 వేసుకుంటున్నాయన్న విమర్శ వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో ఆ ఇంటర్నల్ మార్కులను రద్దు చేసి, మొత్తం పరీక్షకే ఇచ్చింది. ఇప్పుడు జీవశాస్త్రం 50 మార్కుల రాత పేపరు. జవాబు పత్రం మీద పేరుండదు, కోడ్ ఉంటుంది. దిద్దేవాళ్లకు పిల్లవాడి ఊరూ కులమూ తెలియవు. ఆ మేరకు దళిత విద్యార్థులకు ఇది రక్షణే. దీన్ని తక్కువ చేసి చూడకూడదు.

కానీ ఆ నిర్ణయానికి ఇంకో ముఖం ఉంది. మార్కు లేని పనికి బడిలో సమయం దొరకదు. తుది ఫలితంలో ల్యాబుకు విలువ పోయాక ల్యాబు తలుపుకు తాళం పడటం మొదలైంది. తర్వాత 2024-25 నుంచి పదో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ పాఠాలు వచ్చాయి. గుండె ఇప్పుడు ఎక్కువగా పుస్తకంలో బొమ్మ, పరీక్షలో ‘పటం గీసి భాగాలు గుర్తించండి’ అనే ప్రశ్న. డబ్బున్న ఇంటి పిల్లలు త్రీడీ వీడియోలు చూసి నేర్చుకుంటారు, కోచింగ్‌లో నమూనాలు పట్టుకుంటారు. దళితవాడ పిల్లకు బొమ్మ ఒక్కటే మిగులుతుంది. బడి చేతిలో మార్కులుంటే పక్షపాతం వస్తోంది. ఆ మార్కులు తీసేస్తే పక్షపాతంతో పాటు ప్రయోగమూ పోతోంది. ఈ రెండింటి మధ్య మూడో దారి వెతకాలి.

ఇంటర్మీడియట్ బైపీసీలో సమస్య ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. చాలా ఏళ్లు నడిచిన పద్ధతిలో మొత్తం 1000 మార్కులు. అందులో వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, భౌతిక, రసాయన శాస్త్రాల ప్రాక్టికల్స్ ఒక్కోటి 30 చొప్పున 120. మానవ శరీర నిర్మాణం, ధర్మాలు ప్రధానంగా రెండో సంవత్సరం జంతుశాస్త్రంలో ఉండేవి. ప్రాక్టికల్ పరీక్షలో పిల్ల ముఖాముఖి నిలబడుతుంది. స్పాటర్లు గుర్తించాలి, రికార్డు చూపించాలి, వైవాకు జవాబు చెప్పాలి. రాత పేపర్లో ఉన్న కోడ్ ఇక్కడ ఉండదు. పేరు, ఊరు, యాస, వేసుకున్న బట్టలు అన్నీ కనిపిస్తాయి. కార్పొరేట్ కాలేజీల్లో ఈ మార్కులు పూర్తిగా పడతాయని అందరికీ తెలుసు. ప్రాక్టికల్స్ వచ్చిన ప్రతిసారీ జంబ్లింగ్ గురించి గొడవ అందుకే. జంబ్లింగ్ పెడితే కాలేజీల మోసం తగ్గవచ్చు. వైవా బల్ల ముందు కులం కనిపించకుండా చేయడం దానివల్ల కాదు.

ఇదంతా మా అనుమానమేనా? కాదు. ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల పరిస్థితిపై 2006లో సుఖదేవ్ థోరట్ నాయకత్వంలో కమిటీ వేశారు. 2007లో వచ్చిన దాని నివేదిక ప్రాక్టికల్స్, వైవాలలో వివక్ష ఉందని విద్యార్థులు చెప్పిన మాటలను నమోదు చేసింది. ఢిల్లీలోనే వర్ధమాన్ మహావీర్ మెడికల్ కాలేజీలో శరీర ధర్మశాస్త్రం ఒక్క సబ్జెక్టులోనే ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు పదే పదే ఫెయిలవుతున్నారన్న ఫిర్యాదు వచ్చింది. జాతీయ ఎస్సీ కమిషన్ తరఫున భాల్‌చంద్ర ముంగేకర్ విచారణ జరిపారు. అక్కడ కుల వివక్ష జరిగిందని 2012లో ఆయన నివేదిక తేల్చింది. ఆ పిల్లలు పోటీ పరీక్ష గెలిచి సీటు తెచ్చుకున్నవాళ్లే. వాళ్లను ఆపింది మార్కులు వేసే చెయ్యి.

ఇంకో అధ్యయనం మనకు కొంచెం ఇబ్బంది కలిగించేది. అందుకే దాన్ని దాటవేయకూడదు. రీమా హన్నా, లీ లిండెన్ భారతదేశంలో ఒక ప్రయోగం చేసి 2012లో ఫలితాలు ప్రచురించారు. పిల్లల జవాబు పత్రాలకు ఇష్టం వచ్చినట్లు వేర్వేరు కులాలు జతచేసి టీచర్లతో దిద్దించారు. కింది కులం అని రాసి ఉన్న పత్రాలకు సగటున కొద్దిగా తక్కువ మార్కులు పడ్డాయి. తేడా పెద్దది కాదు, కానీ ఉంది. ఆ తేడా ఎక్కువగా వచ్చింది కింది కులాల టీచర్లు దిద్దిన పత్రాల్లో. పత్రాల కట్టలో మొదట దిద్దిన వాటిలో తేడా ఎక్కువ, పోనుపోను తగ్గింది.

దీని నుంచి మేము నేర్చుకున్నది ఇది. ‘మన టీచర్ ఉంటే చాలు’ అనుకోవడం సరిపోదు. కులం మన తలల్లోకీ ఎక్కింది. పైగా కొలత స్పష్టంగా లేనప్పుడు, అంటే కట్ట మొదట్లో, దిద్దే మనిషి కులాన్నే కొలతగా వాడుకుంటాడు. కొలత స్థిరపడ్డాక దాని అవసరం తగ్గుతుంది. కాబట్టి కొలతను ముందే రాసిపెట్టడం వివక్ష మీద పోరాటంలో భాగమే.

ఇక జ్ఞానం సంగతి. కార్జానికి అంటుకున్న చేదు తిత్తి పగిలితే కూరంతా చేదవుతుందని మా వాడలో పదేళ్ల పిల్లకు తెలుసు. అది పిత్తాశయం. బోటి ఎంత పొడవుంటుందో, దాన్ని ఎలా తిరగేసి కడగాలో తెలుసు. అది జీర్ణనాళం. గుండెకాయలో ఒక పక్క గోడ మందంగా, ఇంకో పక్క పలచగా ఉంటుందని కోసిన చేతికి తెలుసు. ఎడమ జఠరిక శరీరమంతటికీ రక్తాన్ని నెట్టాలి కాబట్టి దాని గోడ మందం అని టీచర్ ఒక్క వాక్యం చేరిస్తే పాఠం పూర్తవుతుంది. ఆ వాక్యం చెప్పరు. పిల్లకు తెలిసింది వంటింటి సంగతి అయిపోతుంది, పుస్తకంలోది శాస్త్రం అవుతుంది. కంచ ఐలయ్య 2009 నాటి ‘పోస్ట్ హిందూ ఇండియా’లో తోలు పని కులాలను శాస్త్రజ్ఞులుగా చర్చించింది ఈ కారణంగానే. 1836లో కలకత్తా మెడికల్ కాలేజీలో శవాన్ని కోసిన మధుసూదన్ గుప్తాను చరిత్ర ధైర్యవంతుడని కీర్తిస్తుంది, అది న్యాయమే. తరతరాలుగా చచ్చిన గొడ్డును కోసి దాని లోపలంతా ఎరిగినవాళ్లను మాత్రం అదే చరిత్ర ఊరి బయట నిలబెట్టింది.

అయితే ఒక జాగ్రత్త ఉంది. ‘మీవాళ్లకు అలవాటే’ అని మళ్లీ మన పిల్లలకే బ్లేడు ఇవ్వమని మేము అడగడం లేదు. వాడలో చాలామంది పిల్లలు ఎప్పుడూ మాంసం కోసి ఉండరు, కోయాలని అనుకోరు కూడా. తెలిసిన జ్ఞానానికి గౌరవం ఇవ్వడం వేరు, కులాన్ని బట్టి పని పంచడం వేరు.

ఇప్పుడు ఇది ఎందుకు ముఖ్యం? నీట్‌లో 720 మార్కులకు జీవశాస్త్రానివి 360. ఇంటర్ మార్కులు అక్కడ ర్యాంకుకు లెక్కకు రావు. కానీ బైపీసీ తీసుకోవాలా వద్దా అనే ధైర్యం పదో తరగతిలోనే పుడుతుంది. రికార్డులో సగం మార్కులు చూసిన పిల్ల ‘నాకు సైన్స్ రాదు’ అనుకుంటుంది. మరోపక్క మదనపల్లెకు మంజూరైన ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఇంకా తరగతులు మొదలుపెట్టకముందే, 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం పబ్లిక్ ప్రైవేట్ భాగస్వామ్యంలోకి మార్చాలని నిర్ణయించిన పది కాలేజీల జాబితాలో చేరింది. ఆ నిర్ణయాన్ని దళిత, విద్యార్థి సంఘాలు వ్యతిరేకించాలి. సీటు కోసం, ఫీజు కోసం చేసే ఆ పోరాటంతో పాటు, ఆ గేటు దాకా పిల్లలు రాకుండా బడిలోనే రాలిపోతున్న సంగతి కూడా మాట్లాడాలి.

మా ప్రతిపాదనలు ఇవి. వీటికి కొత్త చట్టం అక్కర్లేదు.

ఒకటి, ప్రతి ప్రయోగానికీ మార్కులు దేనికెన్నో ముందే తెలుగులో రాసి తరగతి గోడకు అంటించాలి. పరిశీలనకు, కారణం చెప్పడానికి ఎక్కువ. బొమ్మ అందానికి తక్కువ.

రెండు, గుండె, మూత్రపిండం లాంటివి బడి నిధులతో బడే కొనాలి. తేవడం, కడగడం, కోయడం, రాయడం, శుభ్రం చేయడం వంతులవారీగా అందరూ చేయాలి. ముట్టుకోవడం ఇష్టం లేని పిల్లలు, ఏ కులం వాళ్లయినా, నమూనాతో చేసి అదే కొలతకు మార్కులు తెచ్చుకోవచ్చు.

మూడు, స్లిప్ టెస్టులు పేరు లేకుండా, నంబరుతో దిద్దాలి. పక్క బడి టీచర్లతో మార్చుకుని దిద్దితే ఇంకా మంచిది.

నాలుగు, వైవాలో ఇంటి మాటతో చెప్పిన సరైన జవాబుకు మార్కు పడాలి. ‘బృహద్ధమని’ నోరు తిరగకపోయినా, గుండె నుంచి శరీరానికి మంచి రక్తం తీసుకెళ్లే పెద్ద గొట్టం అని చూపించిన పిల్లకు విషయం తెలిసినట్టే. పేరు తర్వాత నేర్పవచ్చు.

ఐదు, ఇంటర్ బోర్డు ప్రతి ఏటా రాత మార్కులకూ ప్రాక్టికల్ మార్కులకూ మధ్య తేడాను సామాజిక వర్గాల వారీగా, కాలేజీల వారీగా బయటపెట్టాలి. కోడ్ ఉన్న పేపర్లో బాగా రాసిన పిల్లలు ముఖాముఖిలో ఎందుకు పడిపోతున్నారో ఆ లెక్కే చెబుతుంది.

విద్యార్థులు ఈ లోపు చేయగలిగిందీ ఉంది. దిద్దిన జవాబు పత్రాన్ని సమాచార హక్కు చట్టం కింద చూసే హక్కు ఉందని 2011లో సీబీఎస్‌ఈ, ఆదిత్య బందోపాధ్యాయ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. దాన్ని వాడుకోండి. రికార్డు మీద సగం మార్కులు పడితే ఏ భాగానికి ఎన్ని తగ్గాయో రాతపూర్వకంగా అడగండి.

మా దగ్గర పీటీఎం అంటే పెద్దతిప్పసముద్రం. 2024 డిసెంబరు నుంచి ప్రభుత్వానికి మెగా పీటీఎం అంటే తల్లిదండ్రుల సమావేశం. ఆ రోజు బడికి కూలి మానుకుని వచ్చే అమ్మానాన్నలకు ప్రోగ్రెస్ కార్డు చేతికిచ్చి సంతకం తీసుకుంటారు. ఈసారి సంతకం పెట్టేముందు ఒక్క మాట అడగమని వాళ్లకు చెప్పండి. “ఆ గుండె కోసింది మా పిల్లోడే కదా సార్, మరి మార్కు ఎందుకు తగ్గింది?”