యాసతో పనేముంది, అర్థం కావాలి గానీ!

2018 అక్టోబరు 11న మన పలాస దగ్గర తీరం దాటిన తుపానుకి 'తిత్లీ' అని పేరు పెట్టింది పాకిస్తాన్. సీతాకోకచిలుక అని అర్థం. తుపాన్లకి దేశాల సరిహద్దులుండవు. అందుకే నిపుణులందరూ కలిసి పనిచేయాలి, ఇంగ్లీషులో మాట్లాడుకోవాలి.

2004 సునామీ తర్వాత హిందూ మహాసముద్ర దేశాలు హెచ్చరికల వ్యవస్థ పెట్టుకున్నాయి. 2011 నుంచి ఆ సమాచారం ఇస్తున్న మూడు దేశాలు ఇండియా, ఆస్ట్రేలియా, ఇండోనేషియా. మన కేంద్రం హైదరాబాదులోని ఇన్‌కాయిస్. మూడింటిలో ఇంగ్లీషు ఇంటిభాషగా ఉన్నది ఆస్ట్రేలియాకే. మిగతా ఇద్దరూ బడిలో నేర్చుకున్నవాళ్లే.

అది లోటా? కాదు, బలమే అంటాను నేను. కష్టపడి నేర్చుకున్నవాళ్లకి ఏ మాట ఎక్కడ అర్థం కాకుండా పోతుందో తెలుస్తుంది. 'స్టార్మ్ సర్జ్' అంటే భావనపాడులో చేపలమ్మే అక్క కదలదు. 'ఉప్పెన' అంటే పిల్లల్ని చంకనేసుకుని కదులుతుంది. ఆ రెండు మాటల మధ్య నిలబడగలిగేది రెండు భాషలూ తెలిసినవాళ్లే కదా!

ఓడల్లో నానా భాషలవాళ్లూ ఉంటారు. అందుకే అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2001లో పొట్టి పొట్టి ఇంగ్లీషు వాక్యాలని ఖరారు చేసింది. ఇంగ్లీషు దొరలైనా సరే అవి నేర్చుకోవాల్సిందే.

భావనపాడు పోర్టుగా మొదట అనుకున్న మూలపేట రేవుకి 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. రేపు అక్కడి ఉద్యోగాలకి మన ఆడపిల్లలు వెళితే, యాస చూసి వెనక్కి పంపకూడదు. ఇంగ్లీషు నేర్పిద్దాం, తప్పదు. దాంతోపాటు 'అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి' అని జంకకుండా అడగడమూ నేర్పిద్దాం. సముద్రం దగ్గర ఆ ఒక్క ప్రశ్నే ప్రాణాలు కాపాడొచ్చు.