ఎన్నడుగులుంది వదినా?

వానాకాలంలో మీ ఊళ్ళో ఇరుగుపొరుగు పలకరింపు "వంటయిందా?" అని ఉంటుందేమో. మా భద్రాచలంలో మాత్రం "ఎన్నడుగులుంది?" అని. గోదావరి నీటిమట్టం అన్నమాట. 43 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. 2022 జూలైలో 71.3 అడుగులొస్తే వంతెన మీద రాకపోకలే ఆపేశారు. మా అత్తగారికి ఇప్పటికీ పెళ్ళిళ్ళూ పురుళ్ళూ అన్నీ 86 వరదకి ముందు, తర్వాత అనే లెక్క.

మూడో హెచ్చరిక వచ్చాక చూద్దాంలే అనుకుంటాం చూడండీ, అదే ప్రమాదం. సామాను వదిలి కదలడానికి ఏ ఆడదానికి మనసొప్పుతుంది? కానీ నీళ్ళు మన గుమ్మానికంటే ముందు రోడ్డెక్కుతాయి. సముద్రపు పోటు మా దాకా రాదు గానీ, గోదావరి నిండితే అందులో కలిసే వాగులు ముందుకి పోలేక వెనక్కి తంతాయి. కూనవరం దగ్గర శబరీ అంతే. దారి తెగాక ఇక పడవే దిక్కు. అందుకే నెలలు నిండిన పిల్లనీ, మంచం పట్టిన పెద్దవాళ్ళనీ మొదటి హెచ్చరికకే దాటించెయ్యండి. మగవాళ్ళు "ఇంకా టైముందిలే" అంటారు. వినకండి.

కరకట్ట ఉందిగా అని ధీమా పడకండి. ఏరు పెరిగితే కట్ట తూములు మూసేస్తారు. అప్పుడు ఊళ్ళో కురిసిన వాన బయటికి పోయే దారిలేక లోపలే నిలుస్తుంది. మోటార్లతో తోడాల్సిందే.

వెళ్ళేముందు రేషన్ కార్డు, పట్టాదారు పాసుపుస్తకం, పిల్లల సర్టిఫికెట్లు పాలిథిన్ కవర్లో చుట్టి మీతోనే ఉంచుకోండి. మెయిన్ ఆఫ్ చేసి, గ్యాస్ బండ కట్టేసి, గేదెల పలుపులు విప్పండి.

నీళ్ళు తీస్తుండగానే ఇంట్లో ఒండ్రు కడిగెయ్యాలి. ఎండితే గడ్డపారకి కూడా లొంగదు. ముందు కర్రతో తట్టి చూడండి, మూలల్లో పాములుంటాయి. బావిలో బ్లీచింగ్ వేయించేదాకా ఆ నీళ్ళు వంటకి వద్దు. మునిగిన ఊరగాయ జాడీ, పైన ఎంత నూనె తేలినా పారబొయ్యాల్సిందే. కొత్తావకాయ అయితే కడుపు తరుక్కుపోతుంది, ఏం చేస్తాం!