తరవాత తీసేద్దాం లెండి

మే నెల. రాజమండ్రి. మధ్యాహ్నం రెండు గంటలు. తలుపులు బిడాయించి, కిటికీలకి దుప్పట్లు కట్టి, నెత్తిమీద ఫ్యాను ఆపుచేసి, బనీను తడిసి ముద్దవుతుండగా నేను మైకు ముందు కూచుని ఇంటర్మీడియట్ అర్థశాస్త్రం చదువుతున్నాను. ఇంతలో మజ్జిగ గ్లాసు పట్టుకుని మా ఆవిడ వచ్చింది. ఓ నిమిషం నిలబడి చెవులు రిక్కించి, "అదేవిటండీ! మీ ఫ్యాను ఆపుకుని దాని ఫ్యాను తిరగనిచ్చారూ?" అంది.

'దాని' అంటే కంప్యూటరుది. ఆ పెట్టెకి ఫ్యాన్లు నాలుగు. ముందొకటి, వెనకొకటి, ప్రాసెసరు నెత్తిన ఒకటి, కరెంటు సరఫరా చేసే డబ్బాలో ఒకటి. యజమాని చెమటోడుస్తుంటే నాలుగు ఫ్యాన్ల గాలి తింటూ కూచునే నౌకరుని పూర్వం నవాబులు కూడా పోషించి ఉండరు.

ఈ అవస్థంతా ఎందుకంటారా? బడిపంతులుగా రిటైరయ్యాక, చూపులేని పిల్లలకి పాఠ్యపుస్తకాలు చదివి రికార్డు చేసి ఇవ్వడం పెట్టుకున్నాను. వెనక గదిలో ఒక బల్ల, ఒక మైకు, ఒక కంప్యూటరు. మా వీధిలో దాన్ని స్టూడియో అంటారు. నేను కాదనను.

మొదటి నాలుగు పాఠాలు పంపించాక ఒక కుర్రాడు ఫోను చేశాడు. "చాలా బాగా చదివారండి మాస్టారూ" అని, కాస్త నసిగి, "మీ వెనకాల ఎవరో ఆగకుండా పిండి రుబ్బుతున్నారండి" అన్నాడు. నేను నవ్వేశాను. అతను నవ్వలేదు. రోజుకి ఐదారు గంటలు చెవుల్లో పెట్టుకుని వింటాడట. సాయంత్రానికి తల దిమ్మెక్కి పోతుందట. మనకి పుస్తకం మీద నూనె మరక పడితే కన్ను పక్కకి జరుగుతుంది. చెవికి ఆ సదుపాయం లేదు కదా!

హైదరాబాదులో ఉన్న మా మేనల్లుడికి ఫోను చేశాను. "దానికేం మావయ్యా, నువ్వు చదువుకుపో. మోత తరవాత తీసేద్దాంలే. ఒక్క బటను" అన్నాడు. మైకు అమ్మిన కొట్టాయనా అదే అన్నాడు. వీడియోల్లో పాఠాలు చెప్పే మహానుభావులు ముక్తకంఠంతో అదే అన్నారు. నా తగువు ఈ మాటతోనే. 'తరవాత తీసేద్దాం లెండి.' అడుసు తొక్కనేల కాలు కడగనేల అన్న సామెత పుట్టిన దేశంలో, అడుసు తొక్కడం ఒక పద్ధతిగానూ, కాలు కడగడం ఒక శాస్త్రంగానూ చెలామణీ అయిపోతున్నాయి.

అప్పటికి వాళ్ళ మాట విని ఆ బటను నొక్కాను. మోత మాయమైంది! ఆ రాత్రి మా ఆవిడకి రెండుసార్లు వినిపించి మురిసిపోయాను. రెండో రోజున ఫోను. "మాస్టారూ, పిండి రుబ్బడం ఆగిపోయిందండి. కాని ఇప్పుడు మీరు నూతిలో మునిగి చదువుతున్నట్టుందండి." తరవాత భయంభయంగా, "ఆపేక్ష ధర అంటే ఏంటండీ? మా లెక్చరరుగారిని అడిగితే అలాంటిది లేదన్నారండి" అన్నాడు.

నాకు చప్పున వెలగలేదు. వెలిగాక కడుపులో దేవినట్టయింది. నేను చదివింది సాపేక్ష ధర. ముందున్న 'స' ఎగిరిపోయింది. పరీక్షలో ఆ కుర్రాడు చెబుతుంటే పక్కన రాసిపెట్టే మనిషి 'ఆపేక్ష' అనే రాసేవాడు. దిద్దేవారు మార్కు కొట్టేసి ఉండేవారు. పాపం ఎవరిది?

ఇదెందుకు జరుగుతుందో కాస్త తెలుసుకుంటే కోపం రెట్టింపవుతుంది. మనం మాట్లాడకుండా ఉన్న రెండు మూడు సెకన్లు ఆ యంత్రానికి నమూనాగా చూపిస్తాం. ఏ స్థాయి ధ్వనిలో ఎంత మోత ఉందో అది లెక్క కట్టుకుంటుంది. ఆ తరవాత పాఠం పొడుగునా ఆ లెక్క ప్రకారం కోసుకుపోతుంది. 1979లో బోల్ అనే ఆయన రాసిన వ్యాసం నుంచీ ఈ పద్ధతి నడుస్తోంది, దాని మీద ఎన్నో మెరుగులూ దిద్దారు. కత్తిలో లోపం లేదు. కాని మన స, శ, ష, హ అనే అక్షరాలు ఏమిటి? నోట్లోంచి బుస్సుమని వచ్చే గాలి. ఫ్యాను మోత ఏమిటి? రెక్కల్లోంచి బుస్సుమని వచ్చే గాలి. ఈ గాలి మాస్టారిది, ఆ గాలి ఫ్యానుది అని కత్తికేం తెలుసు? రెండిటినీ కోసేస్తుంది.

గేటు అని ఇంకో పనిముట్టుంది. ధ్వని ఒక మట్టం కంటే తగ్గగానే తలుపు మూసేస్తుంది. ఇంగ్లీషు వాడికి అది ఎంత నష్టమో గాని మనకి మట్టుకు ప్రాణాంతకం. ఎందుకంటే, తెలుగు వాక్యంలో అసలు సంగతి చివరికొస్తుంది. ధర తగ్గినప్పుడు సరఫరా పెరుగుతుందా, పెరగదా? ఆ 'తుంది', ఆ 'దు' వాక్యం తోకలో ఉంటాయి. అక్కడే మన గొంతు దిగుతుంది. సరిగ్గా అక్కడే గేటు మూసుకుంటుంది. అవునో కాదో ఆఖర్న చెప్పే భాషకి ఆఖరు కోసేస్తే మిగిలేదేమిటి?

"అయితే డాల్బీ మాటేమిటి? ఆయన మోత తగ్గించే కదా పేరు తెచ్చుకున్నాడు!" అని మేనల్లుడు వాదించాడు. బాగా గుర్తు చేశాడు. రే డాల్బీ 1965లో లండన్‌లో కంపెనీ పెట్టి చేసిన పనేమిటి? టేపు బుస తగ్గించడం. ఎలా తగ్గించాడు? టేపు మీదకి ఎక్కించే ముందే సన్నని ధ్వనుల్ని పైకెత్తాడు. వినేటప్పుడు అంత మేరా దించాడు. దించినప్పుడు వాటితోబాటు టేపు బుస కూడా దిగిపోయింది. మోత వచ్చి చేరకముందే ఏర్పాటు చేసుకున్న మనిషాయన. తరవాత తీసేద్దాం లెండి అనలేదు.

అంతకంటే వెనక్కి వెళ్ళండి. 1920ల చివర్లో టాకీలు వచ్చిన కొత్తలో కెమెరా చప్పుడు మైకులో పడేది. హాలీవుడ్ వాళ్ళేం చేశారు? కెమెరానీ, అది తిప్పే మనిషినీ అద్దం బిగించిన గదిలాంటి పెట్టెలో పెట్టి తలుపేశారు. లోపల వాడు ఉడికిపోయేవాడు. తరవాత కెమెరాకే చప్పుడు రాని తొడుగు వేశారు. 1948లో మొదలైన బెజవాడ రేడియో స్టేషనుకి ఒకసారి ప్రసంగం చదవడానికి వెళ్ళాను. మాట్లాడేవాడు ఒక గదిలో, యంత్రాలు అద్దానికి అవతల ఇంకో గదిలో. యంత్రమూ నోరూ ఒక గదిలో కాపురం చేయకూడదని పెద్దలు ఏనాడో తేల్చేశారు. కంప్యూటరు చవకయ్యాక ఆ జ్ఞానం మన ఇళ్ళల్లో అటకెక్కింది.

సరే, నేనేం చేశానో చెబుతాను. ముందు పెట్టె విప్పించాను. ప్రాసెసరు మీద అల్యూమినియం రెక్కల మధ్య మూడేళ్ళ దుమ్ము దిండులో దూదిలా ఉంది. దుమ్ము పడితే వేడి పోదు, వేడి పోకపోతే ఫ్యాను ఇంకా జోరుగా తిరుగుతుంది. దులిపిస్తే చాలు, సగం రొద తగ్గింది. ఫ్యాను వేగం సగం చేస్తే మోత సుమారు 15 డెసిబెల్స్ పడిపోతుంది. 10 తగ్గితేనే చెవికి సగమైనట్టు తోస్తుంది, కాబట్టి ఇది లాభసాటి బేరం. ముందూ వెనకా ఉన్న 80 మిల్లీమీటర్ల చిన్న ఫ్యాన్లు తీయించి 120వి వేయించాను. పెద్ద రెక్క నెమ్మదిగా తిరిగి అంత గాలీ తోస్తుంది.

తరవాత హార్డ్ డిస్కు. నిమిషానికి 7200 చుట్లు, అంటే సెకనుకి 120. ఆ గుయ్యిమనే శబ్దం ఇంచుమించు మగవాడి గొంతు శ్రుతిలోనే పడుతుంది. దాన్ని కోస్తే మన గొంతూ తెగుతుంది. పైగా అది గాల్లోంచి కాదు, బల్లలోంచి మైకు స్టాండు ఎక్కి వస్తోంది. బల్ల మీద చెయ్యి ఆనిస్తే తెలిసింది. డిస్కు మార్చి, తిరిగే భాగం లేని ఎస్.ఎస్.డి. పెట్టించాను. పెట్టెని కింద రబ్బరు ముక్కల మీద నిలబెట్టాను.

ఇంతా చేశాక కూడా, గదిలో ఉన్నంతసేపూ ఏదో ఒకటి వినిపిస్తూనే ఉంది. చివరికి మేస్త్రీని పిలిచి గోడకి కన్నం కొట్టించి, పెట్టెని పక్కనున్న సామాన్ల గదిలోకి తోసేశాను. ఇప్పుడది ఊరగాయ జాడీల పక్కన ఉంటుంది. మామూలు యు.ఎస్.బి. తీగ 5 మీటర్లకి మించి పనిచేయదు గనక ముందే కొలుచుకున్నాను. మా ఆవిడ ఒకే షరతు పెట్టింది, దాన్ని చూడ్డానికి చెప్పుల్తో ఆ గదిలోకి పోకూడదని.

రెండో గది లేనివాళ్ళ సంగతేమిటని మీరడగొచ్చు. నోటికీ మైకుకీ దూరం రెండడుగుల నుంచి అరడుగుకి తెస్తే గొంతు 12 డెసిబెల్స్ పెరుగుతుంది, మోత ఉన్నచోటే ఉంటుంది. ఖర్చు పైసా లేదు. మన మైకుల్లో చాలా వాటికి ముందు చెవే గాని వెనక చెవి లేదు. ఆ చెవిటి వైపు కంప్యూటరుకి తిప్పండి. అదీ కుదరకపోతే జేబులో పట్టే రికార్డరులో చదివి, తరవాత కంప్యూటరులోకి ఎక్కించుకోండి. ఆ పెట్టెని పాఠం అయ్యేదాకా ఆపుచేసి ఉంచితే ఎవరు కాదన్నారు?

గోడకి నురుగు పలకలు అంటిస్తే మోత పోతుందని అమ్మేవాళ్ళ మాట వినకండి. అవి గదిలో మార్మోత తగ్గిస్తాయి గాని పెట్టె నోరు మూయవు. కంప్యూటరుని చెక్కబీరువాలో పెట్టి తాళం వేయకండి, వేడెక్కి ఇంకా అరుస్తుంది. ఇక గుఁయిమనే కరెంటు హమ్మింగు వేరే జబ్బు. దానికి ఎర్తు పిన్ను విరిచెయ్యమని చెప్పేవాడు మీ ఇంటికొస్తే మంచినీళ్ళిచ్చి పంపెయ్యండి, ప్లగ్గు మాత్రం చూపించకండి.

ఆ బటను బొత్తిగా పనికిరాదని నేననను. పోయినవాళ్ళ గొంతు పాత క్యాసెట్‌లో ఉంటే, మళ్ళీ చదవమని వాళ్ళని అడగలేం గనక, కొద్దికొద్దిగా వాడుకోవచ్చు. అది మందు. మనం బతికుండగా, గొంతు ఉండగా, పక్క గది ఉండగా దాన్ని భోజనంలా వడ్డిస్తున్నారే, అదీ నా ఏడుపు.

అర్థశాస్త్రం పాఠాలు మొదటి నుంచీ మళ్ళీ చదివాను. సాపేక్ష అన్నచోట ఆగి మరీ చదివాను. పోయిన వారం ఆ కుర్రాడు ఫోను చేశాడు. "ఏడో పాఠంలో మీ ఇంట్లో కుక్కరు మూడు విజిల్స్ వేసిందండి మాస్టారూ. తీసెయ్యకండి, అక్కడ నాకూ ఆకలేసి లేచి అన్నం తిన్నానండి" అన్నాడు.

మా ఆవిడతో చెబితే, "మూడేమిటి, నాలుగు వేసింది. ఇంకా ఏదో తేడా ఉంది, చూసుకోండి" అంది.