హాల్లో కెమెరా ఎవరి కోసం?

మా లింగాల వైపు కువైట్‌కు పోయినవాళ్ళు లేని వీధి తక్కువ. వాళ్ళు పంపే డబ్బుతో ఇంతకు ముందు మిద్దెలు లేచేవి. ఇప్పుడు మిద్దెల్లో కెమెరాలు కూడా వెలుస్తున్నాయి. అమ్మకు ఒంట్లో బాగుండదు, పడిపోతే తెలియాలి కదా అంటారు. న్యాయమే. కానీ ఆ హాల్లో అమ్మతో పాటు కోడలూ తిరుగుతుంది. చెమటకు తడిసిన కొంగు దులుపుకోవాలన్నా, పుట్టింటికి ఫోన్ చేసి నాలుగు మాటలు చెప్పుకోవాలన్నా ముందు గోడ వైపు చూడాలి. మాకు తెలిసినామె ఒకరోజు కెమెరా మీద తువ్వాలు కప్పి తల దువ్వుకుంటుంటే, అరగంటలో ఫోన్: "ఎందుకు కప్పినావు?"

ఇది మొగుడూ పెళ్ళాల తగవు, మనకెందుకు అనేవాళ్ళున్నారు. నేనైతే తప్పు ఆ వస్తువును అట్లా తయారు చేయడంలోనే ఉందంటాను. యాప్ ఎవరి ఫోన్లో ఉంటే వాళ్ళే యజమాని. చూసేవాళ్ళకు అన్ని మీటలూ ఇచ్చారు, కనబడేవాళ్ళకు ఒక్కటీ లేదు.

కంప్యూటర్లు కంటికి ఆనకుండా ఇంటి సామాన్లలో కలిసిపోతాయని మార్క్ వైజర్ అనే అమెరికా శాస్త్రవేత్త 1991లోనే రాశాడు. వాటితో వచ్చే చిక్కుల్లో గోప్యతే ముఖ్యమైనదని ఆ వ్యాసంలోనే హెచ్చరించాడు కూడా. మన సుప్రీంకోర్టులో 9 మంది జడ్జీలు 2017 ఆగస్టు 24న గోప్యత ప్రాథమిక హక్కన్నారు. సంతోషమే. అయితే 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం, మనిషి తన సొంత పనికీ ఇంటి అవసరానికీ వాడుకునే సమాచారానికి వర్తించదు. అంటే హాల్లోకి ఆ చట్టం రాదు. ఇక మిగిలింది సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళే.

వాళ్ళకు చేతకాక కాదు. మాస్క్‌డ్ ఆధార్ చూడండి, చివరి 4 అంకెలు తప్ప మిగతావి కనబడవు. పనికి ఎంత కావాలో అంతే చూపించడం. అదే బుద్ధి కెమెరాకూ పెట్టొచ్చు. పెద్దామె పడిపోతే కబురు చేరాలి, సరే, దానికి రోజంతా వీడియో ఎందుకు? ఎవరైనా చూస్తున్నంతసేపూ ఆర్పడానికి వీల్లేని దీపం వెలగాలి. ఎవరు ఎప్పుడు చూశారో ఇంట్లో వాళ్ళకూ తెలియాలి. చేత్తో మూసే మూత ఉండాలి (గల్లాపెట్టెకు కూడా మూత ఉంటుంది గదా).

మీ ఇంటికి కెమెరా వస్తే పెట్టె విప్పకముందే అడగండి. మూత ఉందా? నా ఫోన్లో కూడా యాప్ పెడతారా? హాల్లో ఎందుకు, వాకిట్లో పెడితే చాలదా?