కథ అందరిదీ, గొంతు ఎవరిది?

గురజాడ 1915లో కన్నుమూశారు. ‘దిద్దుబాటు’ను ఎవరి అనుమతీ లేకుండా అచ్చువేసుకోవచ్చు. ఆ కథనే ఇక్కడ బ్రిటన్‌లో ఒక పెద్దాయన చదవగా మిత్రులు యూట్యూబ్‌లో పెట్టిన వీడియోను మాత్రం మరొకచోట భద్రపరచాలంటే అనుమతి కావాలి.

ఈ తాళం ఎవరూ కావాలని వేసింది కాదు. వీడియో ఎక్కించేటప్పుడు లైసెన్సు గడిని తెరిచి చూసేవారే అరుదు. చూడకపోతే ‘స్టాండర్డ్’ లైసెన్సే ఉండిపోతుంది. దాని పక్కనే 2011 నుంచీ క్రియేటివ్ కామన్స్ ఉంది. దాన్ని ఎంచుకుంటే, మూలకర్త పేరు చెప్పి ఎవరైనా ఆ వీడియోను వాడుకోవచ్చు, కత్తిరించుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. ఈ చివరి మాట దగ్గరే మనవాళ్లు జంకుతారు. తెలుగు కథాపఠనాన్ని అమ్ముకొని మేడలు కట్టినవారిని నేనింతవరకూ చూడలేదు. చానెల్ మూతపడి ప్రసంగాలు మాయమవడం చూశాను. ఒక సమీక్ష రాస్తూ, ఎప్పుడో విన్న ఉపన్యాసం కోసం వెతికాను. వీడియో లేదు, వక్తా లేరు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఎవరైనా ఒక ప్రతి దాచి ఉండవలసింది. దాచుకొమ్మని ఎవరు చెప్పారు గనుక!

అయితే వక్త గొంతు నిర్వాహకుల సొత్తు కాదు. బ్రిటన్ 1988 కాపీరైట్ చట్టంలో ప్రదర్శకులకు విడిగా హక్కులున్నాయి. పైగా ఒకసారి ఇచ్చిన క్రియేటివ్ కామన్స్ అనుమతిని, తీసుకున్నవారి నుంచి వెనక్కి రాబట్టలేం. ఆపరేషన్‌కు ముందు మేం రోగికి అన్నీ వివరించి సంతకం తీసుకుంటాం. మైకు అందించే ముందు వక్తనూ అలాగే అడగండి. చలం కథైతే ఆయన వారసులనూ అడగాలి. భారతీయ చట్టం ప్రకారం ఆ హక్కులు 2039 చివరిదాకా ఉన్నాయి. గురజాడకు ఆ అడ్డంకీ లేదు.